1917లో బోల్షివిక్కులకి అధికారం అంత ఈజీగా ఎట్ల దొరికింది? ప్రభుత్వం దగ్గర సైన్యం లేదా?

వరంగల్_చిన్నోడు:
అందరికీ నమస్తే. సివిల్స్ మెయిన్స్ కోసం వరల్డ్ హిస్టరీ చదువుతున్న, రష్యా దగ్గరికి వచ్చి ఆగిపోయిన. నా నోట్స్‌ల ఏముందంటే ఫిబ్రవరిల జార్ దిగిపోయిండు, తాత్కాలిక ప్రభుత్వం వచ్చింది, అది వీక్ గవర్నమెంట్, అక్టోబర్ల బోల్షివిక్ పార్టీ నాయకుడు లెనిన్ వచ్చి గుంజుకున్నడు, అయిపాయె. నాకు సమజ్ కానిది ఏందంటే అంత పెద్ద దేశం, అప్పటికే యుద్ధంల ఉంది, లక్షలకు లక్షల సైన్యం ఉంది, ఒక్క రాత్రిల ఒక పార్టీ వచ్చి మంత్రులందర్ని పట్టుకపోతుంటే అడ్డం పోయినోడే లేడా? వీక్ వీక్ అంటరు గాని అసలు ఏం వీక్? పైసల్లేవా, మనుషుల్లేరా, ధైర్యం లేదా? ఇంకోటి, కొందరు విప్లవం అంటరు కొందరు కుట్ర అంటరు, ఆన్సర్ల ఏది రాయాలె? పాయింట్లు పెట్టకుండ్రి ప్లీజ్, కథ లెక్క చెప్తే గుర్తుంటది.

పాతపేజీలు:
తమ్ముడూ, ముందు తేదీల సంగతి. నేను చెప్పేవన్నీ అప్పటి రష్యా పాత క్యాలెండర్ ప్రకారం, మన లెక్కకి రావాలంటే 13 రోజులు కలుపుకో. అందుకే అక్టోబర్ 25న జరిగినదానికి నవంబర్ 7న పండగ.

నువ్వు అక్టోబర్‌లో వెతుకుతున్నావు కానీ సగం జవాబు మార్చి మొదటి వారంలో ఉంది. ఫిబ్రవరి 23న, అంటే కొత్త లెక్కలో మార్చి 8, మహిళా దినోత్సవం రోజు, రాజధాని పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్ళు రొట్టె కోసం వీధుల్లోకొచ్చారు, వాళ్ళ వెనక మిగతా ఫ్యాక్టరీలు. నాలుగు రోజులకి, 27న, కాల్చమంటే కాల్చం అని వోలిన్‌స్కీ రెజిమెంట్ తిరగబడింది, సాయంత్రానికి ఊళ్ళో ఉన్న దళాల్లో చాలా భాగం అటే పోయింది. మార్చి 2న ప్‌స్కోవ్ స్టేషన్‌లో రైల్లోనే కూర్చుని జార్ నికొలస్ గద్దె దిగుతున్నట్టు సంతకం పెట్టేశాడు. ఇంతవరకు నీ నోట్స్‌లో ఉండే ఉంటుంది.

అసలు తమాషా తావ్‌రిచెస్కీ ప్యాలెస్‌లో జరిగింది. ఒకే బిల్డింగ్‌లో ఒక పక్క దూమా, అంటే అప్పటి పార్లమెంటు, సభ్యులు కూర్చుని తాత్కాలిక ప్రభుత్వం తయారుచేస్తున్నారు (ప్రిన్స్ ల్వోవ్ ప్రధాని, మిల్యుకోవ్ విదేశాంగం, గుచ్కోవ్ యుద్ధశాఖ), ఇంకో పక్క కార్మికులూ సైనికులూ పంపిన ప్రతినిధులతో పెట్రోగ్రాడ్ సోవియట్, సోవియట్ అంటే మండలి. మొదటి గుంపుకి పేరుంది, కోట్లున్నాయి, విదేశాల గుర్తింపు కూడా వచ్చింది, కానీ వాళ్ళని ఆ పదవికి ఎవరూ ఎన్నుకోలేదు, ఆ దూమా కూడా డబ్బున్నవాళ్ళకి ఎక్కువ ఓటు బరువుండే పద్ధతిలో వచ్చిందే. రెండో గుంపుకి పదవి లేదు కానీ తుపాకులున్నవాళ్ళు వాళ్ళ మాటే వింటున్నారు. పెళ్ళి పెద్ద ఒకడు, బీరువా తాళాలు ఇంకొకళ్ళ దగ్గర అన్నట్టుంది ఆ సంసారం.

మార్చి 1న సోవియట్ ఆర్డర్ నంబర్ 1 అని ఒక కాగితం వదిలింది. ప్రతి దళంలో సైనికులు కమిటీలు ఎన్నుకోవాలి, ఆయుధాలు ఆ కమిటీల చేతిలో ఉండాలి, ఆఫీసర్లకి ఇవ్వకూడదు, దూమా వాళ్ళ ఆదేశాలు సోవియట్ మాటకి విరుద్ధంగా లేకపోతేనే పాటించాలి. డ్యూటీలో లేనప్పుడు సెల్యూట్ అక్కర్లేదు, ఆఫీసర్లు సిపాయిల్ని నువ్వు అనడం కూడా కుదరదు, మీరు అనాలి. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నిన్నటిదాకా చెంపదెబ్బలు తిన్న పల్లెటూరి కుర్రాడికి అదే పెద్ద విప్లవం.

ఇంకొకటి చాలామంది వదిలేస్తారు. కొత్త ప్రభుత్వం పుట్టినప్పుడే సోవియట్‌తో ఎనిమిది షరతులకి ఒప్పుకుంది, అందులో ఒకటి ఏంటంటే విప్లవంలో పాల్గొన్న పెట్రోగ్రాడ్ దళాల దగ్గర ఆయుధాలు తీసుకోకూడదు, వాళ్ళని ఊరు దాటించి పంపకూడదు అని. అంటే రాజధానిలో లక్షన్నరకి పైగా సైనికులు, వాళ్ళని కదిలించే హక్కు ప్రభుత్వానికి లేదు! దీన్ని గుర్తుపెట్టుకో, అక్టోబర్‌లో మళ్ళీ పనికొస్తుంది. దీనికి తోడు వాళ్ళే పాత గవర్నర్లని పీకేశారు, పాత పోలీసు శాఖని రద్దు చేశారు, మంచి ఉద్దేశంతోనే, కానీ ఆ ఖాళీలో నిలబడ్డ కొత్త మిలీషియాకి అంత బలం లేదు. యుద్ధమంత్రి గుచ్కోవ్ మార్చి 9నే జనరల్ అలెక్సెయెవ్‌కి రాశాడు, మా దగ్గర నిజమైన అధికారం ఏమీ లేదు, సైన్యం, రైళ్ళు, పోస్టు, టెలిగ్రాఫ్ అన్నీ సోవియట్ చేతిలో ఉన్నాయి, వాళ్ళు ఉండనిచ్చినన్నాళ్ళే మేము ఉంటాం అనే అర్థంలో. పుట్టి వారం రోజులు తిరక్కముందే మంత్రి రాసుకున్న మాట ఇది. సో నువ్వడిగినదానికి నా జవాబు, డబ్బూ ధైర్యమూ తర్వాత సంగతి, ముందు ఆజ్ఞ ఇస్తే కదిలే చెయ్యి లేదు.

వరంగల్_చిన్నోడు:
అక్కా సూపర్. కాని అట్లయితే సోవియట్ వాళ్ళే మార్చిల కుర్చీ ఎక్కొచ్చు గద, ఎందుకు ఎక్కలే?

పాతపేజీలు:
అప్పుడు సోవియట్‌లో మెజారిటీ బోల్షివిక్కులది కాదు కదా. మెన్షివిక్కులు (లెనిన్ వాళ్ళతో విడిపోయిన మార్క్సిస్టులు), సోషలిస్ట్ రివల్యూషనరీలు (రైతుల పార్టీ, మనం ఎస్సార్లు అందాం) ఎక్కువ. మెన్షివిక్కుల సిద్ధాంతం ప్రకారం రష్యా లాంటి వెనకబడ్డ దేశంలో ముందు బూర్జువా వర్గం పాలించాలి, సోషలిజం తర్వాతెప్పుడో, కాబట్టి మనం పక్కన నిలబడి కాపలా కాద్దాం అని. పైగా మనమే ఎక్కి కూర్చుంటే జనరల్స్ మీద పడతారేమో అన్న భయం కూడా ఉంది. జూన్‌లో మొదటి అఖిల రష్యా సోవియట్ల కాంగ్రెస్, అంటే అన్ని ఊళ్ళ సోవియట్ల మహాసభ, లెక్క చూడు, ఎస్సార్లు 285, మెన్షివిక్కులు 248, బోల్షివిక్కులు 105. ఆ సభలోనే మెన్షివిక్ నాయకుడు ట్సెరెతెలి, మాకు అధికారం ఇవ్వండి మీరు తప్పుకోండి అనే పార్టీ ఇవాళ రష్యాలో ఏదీ లేదు అంటే, లెనిన్ కూర్చున్నచోట నుంచే ఉంది అని అరిచాడు, చాలామంది నవ్వారు. నవ్వినవాళ్ళు మే నెలలోనే ప్రభుత్వంలో మంత్రులుగా చేరిపోయి ఉన్నారు, అంటే ఇక ఆ ప్రభుత్వం చేసే ప్రతి వెధవ పనికీ వాళ్ళ వాటా కూడా ఉంటుంది. బయట మిగిలిన చెప్పుకోదగ్గ పార్టీ ఒక్కటే. ఆ ఒక్కటీ ఏం లాభపడిందో నీకు చెప్పక్కర్లేదు.

జూలైలో ఇంకో సీన్. మెషిన్‌గన్ రెజిమెంటూ, దగ్గర్లోని క్రోన్‌స్టాట్ నౌకా స్థావరం నావికులూ వీధుల్లోకొచ్చి సోవియటే అధికారం తీసుకోవాలి అని గొడవ, ఎస్సార్ మంత్రి చెర్నోవ్ బయటికొస్తే ఒక కార్మికుడు మొహం మీద పిడికిలి ఊపుతూ, ఇస్తుంటే తీసుకోవేంరా అధికారం అని బూతు కలిపి తిట్టాడు, తర్వాత చెర్నోవ్‌ని గుంపు కార్లోకి తోసేస్తే బోల్షివిక్కుల వైపున్న నాయకుడు ట్రాట్‌స్కీ వచ్చి విడిపించాల్సొచ్చింది. నాకు ఆ ఏడాది మొత్తంలో నచ్చిన సీన్ ఇదే.

రిటైర్డ్_గార్డు_బెజవాడ:
అమ్మాయి బాగా చెప్పింది. నేను రైల్వేలో చేసి రిటైరయినవాణ్ణి, మా రోజుల్లో విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాన్ వచ్చేది, సోవియట్ పుస్తకాలు కారుచౌక, అట్ట గట్టిది, అలా మొదలైంది నా పిచ్చి. వాటిల్లో ఒక పక్షమే ఉండేదనుకోండి, తర్వాత వేరేవి కూడా చదివాను. నేను కోర్నిలోవ్ గురించి చెప్తాను, ఎందుకంటే అది రైలోళ్ళ కథ.

జూలై గొడవల తర్వాత బోల్షివిక్కుల పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. లెనిన్ జర్మన్ ఏజెంటని పేపర్లలో వేశారు, ఆయన గడ్డం గీయించుకుని ముందు రజ్లీవ్ దగ్గర గడ్డి పాకలో, ఆ తర్వాత ఫిన్లాండ్‌లో దాక్కున్నాడు, ట్రాట్‌స్కీ, కామెనెవ్ జైల్లో. ప్రిన్స్ ల్వోవ్ విసిగిపోయి దిగిపోతే కెరెన్‌స్కీ ప్రధాని అయ్యాడు. మాటకారి లాయరు, జనం పూలు చల్లేవాళ్ళు, మార్చిలో ఇటు ప్రభుత్వంలో మంత్రి అటు సోవియట్‌లో ఉపాధ్యక్షుడు, రెండు చోట్లా ఉన్న ఒకే ఒక్క మనిషి. కానీ జూన్ 18న గలీషియాలో ఈయన పట్టుబట్టి చేయించిన దాడి మూడు వారాలు తిరక్కుండానే తిరగబడి సైన్యం వెనక్కి పారిపోయింది. ఇప్పుడు క్రమశిక్షణ కావాలి అని జనరల్ కోర్నిలోవ్‌ని సర్వసేనానిని చేశాడు. ఫ్రంట్‌లో మరణశిక్ష మళ్ళీ తెచ్చారు.

ఇక్కడ ఇద్దరికీ పడలేదు. ఇద్దరూ సోవియట్ పీడ వదిలించుకోవాలనే అనుకున్నారు, కాకపోతే వదిలించుకున్నాక కుర్చీలో ఎవరు అన్నది తేలలేదు. మధ్యలో వ్లదీమిర్ ల్వోవ్ అని ఒక మాజీ మంత్రి (ప్రధాని ల్వోవ్ వేరు) అటు మాట ఇటు ఇటు మాట అటు మోసి మొత్తం కంపు చేశాడు. కెరెన్‌స్కీ అయితే టెలిగ్రాఫ్ మిషన్ దగ్గర కూర్చుని, పక్కన లేని ఆ ల్వోవ్ ఉన్నట్టే నటించి కోర్నిలోవ్‌ని ప్రశ్నలడిగి, ఆయన అవునన్నదాన్ని పట్టుకుని కుట్ర అని తేల్చేశాడు. ఏ మాట అడిగాడో తెలియకుండానే కోర్నిలోవ్ అవును అన్నాడు! ఆగస్టు 27న డిస్మిస్ అన్నాడు, ఆయన దిగనన్నాడు, జనరల్ క్రీమొవ్ కింద గుర్రపు దళాలు పెట్రోగ్రాడ్ వైపు రైళ్ళలో బయల్దేరాయి.

ఆపిందెవరు? కెరెన్‌స్కీ సైన్యం కాదు. రైలోళ్ళు. పట్టాలు పీకారు, ఇంజన్లు దాచారు, బోగీల్ని వేరే లైన్లలోకి తోశారు, ఒక దళం ఒక స్టేషన్లో ఇంకో దళం నలభై మైళ్ళ అవతల, టెలిగ్రాఫ్ వాళ్ళు వార్తలు ఆపేశారు. గుర్రాలు రైల్లో, రైలు అడవిలో, ఆఫీసరు ఏం చేస్తాడు చెప్పండి. ఈలోపు సోవియట్ మనుషులు ఆ బోగీల దగ్గరకెళ్ళి సిపాయిలతో మాట్లాడారు. ఆ దళాల్లో కాకసస్ ముస్లిం సైనికుల డివిజన్ కూడా ఉంది, వాళ్ళ దగ్గరికి వాళ్ళ భాష వచ్చే ముస్లిం ప్రతినిధుల్నే పంపారు. ఎందుకు పోతున్నామో తెలియని వాళ్ళకి తెలిసింది, ఇక కదల్లేదు. యుద్ధం లేదు ఏమీ లేదు. క్రీమొవ్ కెరెన్‌స్కీతో మాట్లాడి వెళ్ళి 31న తుపాకీతో కాల్చుకున్నాడు.

దీని ఫలితం చూడండి. ఊరిని కాపాడడానికని కార్మికుల రెడ్ గార్డులకి ప్రభుత్వం కళ్ళముందే తుపాకులు వచ్చాయి, పని అయ్యాక ఎవరు తిరిగిస్తారండీ. జైల్లో ఉన్న బోల్షివిక్ నాయకులు బయటికొచ్చారు. ఆగస్టు 31న పెట్రోగ్రాడ్ సోవియట్ మొదటిసారి బోల్షివిక్ తీర్మానానికి ఓటేసింది, సెప్టెంబర్ 5న మాస్కో, సెప్టెంబర్ 25న ట్రాట్‌స్కీ పెట్రోగ్రాడ్ సోవియట్‌కి అధ్యక్షుడు. ఆఫీసర్లు ఏమో కోర్నిలోవ్‌ని మోసం చేశాడని కెరెన్‌స్కీ మీద కాండ్రించి ఉమ్మారు, సైనికులేమో ఆయన కోర్నిలోవ్‌తో కలిసాడని ఉమ్మారు. అక్టోబర్‌లో మీరు అడిగిన అడ్డంపోయేవాడు ఎందుకు లేడంటే, పోవాల్సినవాళ్ళు రెండు వైపులా అలిగి కూర్చున్నారు.

మధ్యేమార్గం_హైద్:
అంతా బానే ఉంది కానీ ఇక్కడ అందరూ ఒక సైడే చెప్తున్నట్టుంది. పిల్లోడు కుట్రనా విప్లవమా అనడిగాడు, దానికి ఎవరూ సూటిగా చెప్పట్లేదు. నేను చెప్తా, అక్టోబర్ 25 అనేది కుట్రే. సెప్టెంబర్ మధ్యలో లెనిన్ ఫిన్లాండ్ నుంచి, వెంటనే అధికారం తీసుకోండి అని ఉత్తరాలు రాస్తే సొంత కేంద్ర కమిటీనే భయపడిపోయి ఒక్క కాపీ ఉంచి మిగతావి లేకుండా చేద్దాం అని ఓటింగ్ పెట్టుకుంది. అక్టోబర్ 10న రహస్యంగా ఒక ఫ్లాట్‌లో 12 మంది కూర్చుని 10 మంది సరే ఇద్దరు వద్దు అన్నారు, ఆ ఇద్దరు జినోవియెవ్, కామెనెవ్, ఆయన పక్కన ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళే. (ఆ ఫ్లాట్ మెన్షివిక్ వైపు ఉన్న సుఖానోవ్‌ది, ఆయనకి తెలీకుండా బోల్షివిక్ భార్య ఏర్పాటు చేసింది, ఆఫీసులోనే పడుకోండి అంత దూరం రావడం ఎందుకు అందట, అది వేరే కామెడీ.) దేశం తలరాత 12 మంది నిర్ణయిస్తే దాన్నేమంటారు?

ఇంకొకటి, సోవియట్ల రెండో కాంగ్రెస్ ఎలాగూ 25న ఉంది, అందులో సోవియట్ ప్రభుత్వం కోరేవాళ్ళకి మెజారిటీ కూడా ఉంది, మరి అది కూడేదాకా ఎందుకు ఆగలేదు? ఓటు పెడితే అందరితో కలిసి పంచుకోవాల్సొస్తుందనే కదా. ఆ రాత్రి మెన్షివిక్ నాయకుడు మార్తోవ్ లేచి అన్ని సోషలిస్ట్ పార్టీలూ మాట్లాడుకుని ఒక ప్రభుత్వం పెడదాం అంటే సభ ఏకగ్రీవంగా సరే అంది కూడా, కానీ బయట అప్పటికే పని నడుస్తోంది, దానికి నిరసనగా మెన్షివిక్కులు ఎస్సార్లు లేచి వెళ్ళిపోయారు. నవంబర్‌లో రాజ్యాంగ సభ ఎన్నికలు జరిగితే ఎస్సార్లకి దాదాపు 40 శాతం, బోల్షివిక్కులకి దాదాపు 24. జనవరి 5న సభ కూర్చుంది, తెల్లారేసరికి గార్డులు అలిసిపోయారు పొండి అని ఒక నావికుడు చెప్పాడు, మళ్ళీ తలుపు తెరవలేదు. ఇది విప్లవమా మీరే చెప్పండి. జర్మన్ల డబ్బు గురించి నేను ఇంకా మొదలే పెట్టలేదు.

పాతపేజీలు:
మొదలుపెట్టండి గురువుగారూ, ఆపేదెవరు 🙂 జర్మన్లు వాళ్ళకి డబ్బు పంపాలని చూశారు, పంపారు కూడా, ఎంత అందింది ఎంత పనికొచ్చింది అన్నదాని మీద ఇంకా కొట్టుకుంటున్నారు. లెనిన్‌ని జర్మన్లే రైల్లో పంపారన్న సంగతి అంటారా, ఆయన రష్యాకి తిరిగొచ్చిన ఆ జర్మనీ మీదుగా వెళ్ళే రైల్లో 32 మంది వస్తే, మీరు ఇప్పుడు మెచ్చుకున్న మార్తోవ్ కూడా మే నెలలో అదే దారిలో ఇంకో రైల్లో వచ్చాడు. ఆయనకి అధికారం దొరకలేదుగా. డబ్బుతో పేపర్ అచ్చేయొచ్చు, లక్షన్నర సైనికుల్ని వినిపించలేరు.

ఓట్ల లెక్క మీరు చెప్పింది కరెక్ట్, నేను కాదనను, తర్వాత జరిగినదాన్ని వెనకేసుకు రాను కూడా. సభ మూసెయ్యడం దౌర్జన్యమే. కానీ ఆ 24 శాతం ఎక్కడ పడిందో కూడా చెప్పాలి కదా, పెట్రోగ్రాడ్‌లో 45 దగ్గర, మాస్కోలో సగానికి కాస్త తక్కువ, రాజధానికి దగ్గరగా ఉన్న ఉత్తర, పశ్చిమ ఫ్రంట్‌లలో మెజారిటీ. ఎస్సార్ల ఓట్లు ఎక్కడో దూరాన పల్లెల్లో, అక్టోబర్ 25న వాళ్ళు వచ్చి నిలబడలేరు. ఇంకా, ఎస్సార్ల ఓటర్లలో చాలామంది అడిగింది భూమి, అది అక్టోబర్ 26 రాత్రే బోల్షివిక్కులు డిక్రీ చేసేశారు, అదీ ఎస్సార్ల ప్రోగ్రామ్‌నే దాదాపుగా ఎత్తుకుని.

వరంగల్_చిన్నోడు:
గిదే అడుగుదామనుకున్న. ఒక్క రాత్రిల భూమి డిక్రీ, శాంతి డిక్రీ ఇయ్యగలిగితే మరి ఎనిమిది నెలలు ఆ ప్రభుత్వం ఏం చేసినట్టు? అదే పని వాళ్ళే చేస్తే లెనిన్‌కు అవకాశమే లేకుండె గద. గంత తెల్వనోళ్ళా?

నీలిమ_డల్లాస్:
తెలివి లేక కాదండీ, నేను ఎకనామిక్స్ వైపు నుంచి చూస్తాను కాబట్టి అది చెప్తా. భూమి ముందు. జమీందార్ల భూముల్లో పెద్ద భాగం అప్పటికే బ్యాంకుల్లో తాకట్టులో ఉంది, నష్టపరిహారం లేకుండా పంచేస్తే జమీందారే కాదు బ్యాంకూ మునుగుతుంది, బ్యాంకుతో పాటు అందులో డబ్బు దాచుకున్న మధ్యతరగతి కూడా. నష్టపరిహారం ఇద్దామంటే ఖజానాలో ఏముంది, నోట్లు అచ్చేస్తున్నారు, కెరెన్‌కీలు అని పిలిచేవాళ్ళు ఆ చిన్న నోట్లని, షీట్ల లెక్కన వచ్చేవి, జనం కత్తిరించుకునేవాళ్ళు. ఇంకా అసలు భయం వేరే ఉంది, ఫ్రంట్‌లో ఉన్న సిపాయిలు దాదాపు అందరూ రైతుబిడ్డలే, ఊళ్ళో పంపకం మొదలైందంటే నా వాటా పోతుందేమో అని తుపాకీ భుజానేసుకుని ఇంటికి పరిగెడతాడు, ఫ్రంట్ ఖాళీ. కాబట్టి యుద్ధం ఉన్నంతకాలం భూమి ఇవ్వలేరు.

మరి యుద్ధం ఆపొచ్చు కదా అంటే అక్కడ ఇంకో ముడి. యుద్ధానికి డబ్బు ఇచ్చేది బ్రిటన్, ఫ్రాన్స్, తర్వాత అమెరికా. విడిగా జర్మనీతో సంధి చేసుకుంటే ఆ అప్పులు ఆగిపోతాయి, జర్మనీ దయ మీద బతకాలి, పైగా మిల్యుకోవ్ లాంటి వాళ్ళకి ఇంకా ఇస్తాంబుల్ జలసంధుల మీద ఆశ ఉంది, ఏప్రిల్‌లో మిత్రదేశాలకి ఆయన పంపిన నోట్ బయటపడే జనం రోడ్డెక్కారు, ఆయనా గుచ్కోవ్ దిగిపోవాల్సొచ్చింది. ఆయన తర్వాత వచ్చిన సోషలిస్టులు ఆక్రమణలు లేని శాంతి అన్నారు, అది అందరూ కలిసి ఒప్పుకుంటేనే వస్తుంది, అందరూ ఎప్పుడు ఒప్పుకుంటారు? ఈలోపు యుద్ధం నడవాలి, నడవాలంటే దాడి చెయ్యాలి అని జూన్ దాడి.

అన్నిటికీ వాళ్ళు చెప్పిన మాట ఒకటే, రాజ్యాంగ సభ వచ్చి తేలుస్తుంది అని. లాయర్లు కదా, చట్టప్రకారం ఎన్నికైనవాళ్ళు కాని మనం ఇంత పెద్ద నిర్ణయాలు ఎలా తీసుకుంటాం అన్న నిజాయితీ కూడా కొంత ఉంది అందులో, దాన్ని నేను తీసిపారెయ్యను. కానీ ఆ ఎన్నికలే సెప్టెంబర్ 17 అని ఒకసారి, కాదు నవంబర్ 12 అని ఇంకోసారి వాయిదా వేశారు. ప్రపంచంలోనే మంచి ఎన్నికల చట్టం రాద్దామని కమిటీలో కూర్చుని నెలలు గడిపారు. ఊళ్ళల్లో రైతులు ఎవరి చట్టం కోసమూ ఆగలేదు, ఎండాకాలం అయ్యేసరికి జమీందారు గడ్డి కోసుకుంటున్నారు, అడవి నరుక్కుంటున్నారు, సెప్టెంబర్‌కి బంగళాలు తగలబెడుతున్నారు. చెర్నోవ్ వ్యవసాయ మంత్రిగా భూమి కమిటీలకి అప్పజెప్దాం అంటే సొంత క్యాబినెట్టే అడ్డం పడింది. అంటే లెనిన్ డిక్రీ ఇచ్చిందేంటి, అప్పటికే జరుగుతున్నదానికి స్టాంపు వేశాడు, అంతే. శాంతి కూడా అంతే, సైన్యం అప్పటికే కాళ్ళతో ఓటేసి ఇళ్ళకి నడుస్తోంది. శాంతికి అసలు ధర 1918 మార్చిలో జర్మనీతో బ్రెస్ట్ సంధిలో కట్టారు, ఉక్రెయిన్, పోలండ్, బాల్టిక్ ప్రాంతాలు వదులుకుని. బాధ్యతలో ఉన్నవాడు ఆ ధర చూసి వెనక్కి తగ్గాడు, లెనిన్ కట్టడానికి సిద్ధపడ్డాడు.

మధ్యేమార్గం_హైద్:
నీలిమ గారూ ఇది మంచి పాయింట్, ఒప్పుకుంటున్నా. కానీ నేను చెప్పినదానికి జవాబు ఇంకా రాలేదు. కాంగ్రెస్ దాకా ఎందుకు ఆగలేదు?

పాతపేజీలు:
వస్తున్నా అక్కడికే. మార్చిలో ఎనిమిది షరతులు గుర్తున్నాయా, దళాల్ని ఊరు దాటించకూడదు అన్నది. ఆగస్టులో రీగా జర్మన్ల చేతికి పోయింది, అక్టోబర్ మొదట్లో వాళ్ళు బాల్టిక్ దీవుల్లోకి వచ్చారు, దాంతో ప్రభుత్వం పెట్రోగ్రాడ్ దళాల్ని ఫ్రంట్‌కి పంపుదాం అనుకుంది. రాజధానిలో హాయిగా ఉన్నవాడికి కందకాల్లోకి పొమ్మంటే ఎలా ఉంటుంది? ఇది మమ్మల్ని వదిలించుకుని ఊరిని జర్మన్లకి అప్పజెప్పే ఎత్తు అన్నారు. దాన్ని పట్టుకునే సోవియట్ ఒక మిలిటరీ రివల్యూషనరీ కమిటీ పెట్టింది, పేరుకి ఊరి రక్షణ కోసం. 21, 22 తేదీల్లో ఆ కమిటీ దళాలకి తన కమిసార్లని, అంటే తన తరఫు అధికారుల్ని, పంపి, మా సంతకం లేని ఏ ఆర్డరూ చెల్లదు అని మిలిటరీ కమాండర్ పోల్కొవ్నికోవ్ మొహం మీదే చెప్పింది. 23న పీటర్ పాల్ కోటకి ట్రాట్‌స్కీ స్వయంగా వెళ్ళి మాట్లాడితే కోట కూడా ఇటు వచ్చేసింది, దాని పక్కనున్న ఆయుధాగారంతో సహా. నన్నడిగితే అధికారం మారింది ఈ మూడు రోజుల్లో, ఒక్క తుపాకీ పేలకుండా, 25 రాత్రి జరిగింది కాగితం పని. అది 12 మంది కుట్ర అయితే అంతమంది సైనికులు తల ఊపి ఉండాలి అందులో. కుట్ర లేదనట్లేదు, ఆ కుట్రకి అంత తేలిగ్గా దారి ఎలా దొరికిందో చెప్తున్నా.

ఇక ఆగకపోవడం. 24 తెల్లవారుజామున మొదట కదిలింది కెరెన్‌స్కీనే, యుంకర్లని, అంటే మిలిటరీ స్కూలు కుర్రాళ్ళని పంపి బోల్షివిక్ పేపర్ల ప్రెస్సుకి సీలు వేయించాడు, వంతెనలు లేపమన్నాడు. ఇంకేముంది, కాంగ్రెస్‌ని ఆపడానికి వస్తున్నారు, మనం కాపాడుతున్నాం అని చెప్పుకునే ఛాన్స్ ఇచ్చేశాడు. పగలంతా ట్రాట్‌స్కీ వాళ్ళు డిఫెన్స్ భాషలోనే మాట్లాడారు. రాత్రి లెనిన్ విగ్గు పెట్టుకుని మొహానికి గుడ్డ కట్టుకుని సోవియట్ ఉన్న స్మోల్నీ బిల్డింగ్‌కి వచ్చాక జోరు పెరిగింది, మీరన్నది అక్కడ నిజం, ఆయనకి ఓటు కోసం ఆగడం ఇష్టం లేదు, కాంగ్రెస్ చేతిలో తయారైనదాన్ని పెట్టాలనుకున్నాడు.

అదే 24 సాయంత్రం ఇంకో పక్క చూడండి. మారిన్‌స్కీ ప్యాలెస్‌లో ప్రీ-పార్లమెంట్ అని ఒక సలహా సభ, కెరెన్‌స్కీ వెళ్ళి నాకు మద్దతివ్వండి అని గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. వాళ్ళు 123కి 102 ఓట్లతో ఏం తీర్మానించారంటే వెంటనే భూమి కమిటీలకి ఇవ్వండి, శాంతి చర్చలు మొదలెట్టండి అప్పుడు చూద్దాం అని. ఆయనకి కోపం వచ్చి రాజీనామా చేస్తా అన్నాడు. బయట రాత్రికి రాత్రి టెలిగ్రాఫ్, స్టేషన్లు, స్టేట్ బ్యాంకు, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ఒకటొకటే పోతున్నాయి, చాలాచోట్ల జరిగిందేంటంటే కొత్త గార్డు వచ్చాడు పాత గార్డు ఇంటికెళ్ళాడు.

మంత్రులు కూర్చున్న వింటర్ ప్యాలెస్ మీద దాడి గురించి ఆశ పెట్టుకోకండి. పదేళ్ళకి తీసిన సినిమాలో గేటెక్కి వేలమంది దూకుతారు చూడండి, అంతా కెమెరా. నిజంగా లోపల కొంతమంది యుంకర్లు, మహిళా బెటాలియన్ వాళ్ళు వంద పైచిలుకు, కొంతమంది కోసాక్కులు (గుర్రపు సైనికులు), ఆకలితో సాయంత్రానికి చాలామంది జారుకున్నారు. బయటవాళ్ళు మధ్యాహ్నం పట్టేస్తాం అన్నారు, అది కాస్తా రాత్రి అయింది, సిగ్నల్‌కి పీటర్ పాల్ కోట మీద ఎర్ర లాంతరు పెట్టాలంటే ఎర్ర లాంతరు దొరకలేదు! 9.40కి అవ్రోరా ఓడ పేల్చింది ఖాళీ తూటా. తర్వాత కోటలోంచి పేల్చిన గుండ్లు కూడా ప్యాలెస్‌కి తగిలినవి చాలా తక్కువ. అటు ఊళ్ళో ట్రాములు తిరుగుతున్నాయి, థియేటర్లలో షోలు నడుస్తున్నాయి. తెల్లవారుజామున 2 దాటాక బోల్షివిక్ ఆంతోనోవ్ అవ్‌సేయెంకో లోపలికెళ్ళి మంత్రుల్ని అరెస్ట్ చేశాడు.

రిటైర్డ్_గార్డు_బెజవాడ:
ఒక మాట కలుపుతాను. ఇది పెట్రోగ్రాడ్ కథ. మాస్కోలో వారం రోజులు వీధుల్లో కొట్టుకున్నారు, క్రెమ్లిన్ మీద ఫిరంగులు పేలాయి, వందలమంది పోయారు. ఒక్క రాత్రిలో అయిపోయిందని ఆన్సర్‌లో రాయకండి బాబూ. ఇంకోటి మా రైలోళ్ళ యూనియన్ విక్‌జెల్ అక్టోబర్ 29న, అన్ని సోషలిస్ట్ పార్టీలూ కలిసి ప్రభుత్వం పెట్టకపోతే రైళ్ళు ఆపేస్తాం అని బెదిరించింది, బోల్షివిక్కులు కూర్చుని మాట్లాడారు కూడా, కెరెన్‌స్కీ తెచ్చిన కోసాక్కులు ఊరి బయట పుల్కొవోలో ఓడిపోయాక లెనిన్ ఆ మాటలకి నీళ్ళొదిలాడు. ఇది కుట్ర అన్నాయనకి నచ్చే పాయింటే, ఇస్తున్నా.

మధ్యేమార్గం_హైద్:
థాంక్స్ అండి, తీసుకున్నా. నా ఓటు ఇప్పటికీ కుట్రకే, కానీ తలుపు తెరిచిపెట్టి ఉన్న ఇంట్లోకి అని కలిపి రాస్తా.

వరంగల్_చిన్నోడు:
అందరికీ థాంక్స్, గింత కోచింగ్ సెంటర్ల కూడా చెప్పలే. ఆఖరి డౌట్, కెరెన్‌స్కీ ఏమైండు? ఆడవేషంల పారిపోయిండని విన్న.

పాతపేజీలు:
ఆడవేషం పుకారు, తర్వాత బొమ్మలు కూడా గీశారు. 25 పొద్దున్నే దళాల కోసం కార్లో ఊరు దాటాడు, వెంట అమెరికన్ ఎంబసీ కారు ఒకటి జెండాతో. తర్వాత దగ్గర్లోని గాచినా ఊరి నుంచి పారిపోయింది నావికుడి వేషంలో. తర్వాత యూరప్, అమెరికా, 1970లో న్యూయార్క్‌లో పోయాడు, లెనిన్ పోయాక ఇంకో 46 ఏళ్ళు బతికాడు. ఇద్దరిదీ సింబిర్స్క్ ఊరే. కెరెన్‌స్కీ వాళ్ళ నాన్న అక్కడ స్కూలు హెడ్‌మాస్టరు, లెనిన్ అన్నని ఉరితీసిన 1887లో, అదే ఏడాది లెనిన్‌కి యూనివర్సిటీ సీటు కోసం మంచి కుర్రాడు అని సర్టిఫికెట్ రాసిచ్చింది ఆయనే.

రిటైర్డ్_గార్డు_బెజవాడ:
బంగారు పతకం కూడా వచ్చింది ఆ స్కూల్లో. బాబూ అంతర్యుద్ధం గురించి అడగాలంటే కొత్త థ్రెడ్ పెట్టు, ఇది చాలా పొడుగైపోయింది, నా ఫోన్‌లో కిందకి జరపలేకపోతున్నా.